ఐదున్నర తలల పెళ్లికూతురు

హారిక స్కూలు బోనఫైడ్ సర్టిఫికెట్‌లో పుట్టిన సంవత్సరం ఐదేళ్లు వెనక్కి జరిగి ఉంది, అలా జరపడానికి వాడిన కాగితం రమ తన చేత్తో తయారుచేసినది.

ఆ సర్టిఫికెట్ ఫోటో ఉన్న ఫోన్‌ను రమ ముందు పెట్టి, కళావతి కొంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడింది. కళావతి ఆ స్టూడియోలో వంటమనిషి. పన్నెండు మందికి మధ్యాహ్నం అన్నం, రెండు పూటలా చాయ్ ఆమె చేతి మీదుగానే వస్తాయి. హారిక ఆమె ఒక్కగానొక్క కూతురు.

"రమక్కా, జర దీన్ని కలర్ల తీసియ్యవా? గుడి ఆఫీసుల ఇయ్యాల్నట. బయట తీపిస్తె సక్కగ రాలే."

"గుడిల ఎందుకు?"

కళావతి నవ్వబోయి ఆగింది. "రేపు హారిక లగ్గం. పది నలభైకి. నీకు చెప్పాల్ననే ఉండె. మా ఆయన ఎవలకు చెప్పద్దన్నడు."

రమ కుర్చీ వెనక్కి జరిగింది. "లగ్గమా? పిల్ల మొన్ననే కద ఎనిమిదో తరగతి పరీక్షలు రాసింది! పిలగాడెవడు?"

"మన హరీషే. మీ సిన్మాల కత్తి పట్టుకొని నడిచిండు గద, ఆయన."

రమ ఫోన్‌లోని ఫోటోను వేళ్లతో పెద్దది చేసింది. పుట్టిన తేదీ: 9 ఆగస్టు 2006. చదివిన సంవత్సరాలూ, సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ కూడా దానికి తగ్గట్టే ఉన్నాయి. ఎక్కడా కొట్టివేత లేదు. కానీ పుట్టిన తేదీ వరుస కింద, చింతకాయ ఆకారంలో, లేత గోధుమరంగు నీటిమరక ఒకటి కనిపించింది. నాలుగు వరుసల కింద అదే మరక మళ్లీ ఉంది. అదే వంపు, అదే తోక.

నీళ్లు ఒక కాగితం మీద రెండు చోట్ల ఒకే ఆకారంలో మరక కట్టవు. ఆ మరక ఎక్కడిదో రమకు తెలుసు. రెండేళ్ల కిందట ఇంట్లో ఉన్న పాత పంచాంగం చివరి అట్టను స్కాన్ చేసి, శుభ్రం చేసి, 'పాత కాగితం-7' అని పేరుపెట్టి స్టూడియో కంప్యూటర్‌లో దాచింది ఆమే. సినిమాలో రాజుగారి ఉత్తరాలన్నీ ఆ కాగితం మీదే వస్తాయి. ఇప్పుడు ఎవరో దాని ముక్కలను సర్టిఫికెట్‌లోని అసలు రాత మీద అతికి, రాతను కప్పేశారు.

"కళావతీ, హారిక ఏ ఏడు పుట్టింది?"

"ఏడు నాకేం యాదికుంటదక్క? సకల జనుల సమ్మె కాలేదా, గప్పుడు అది నెల పిల్ల. జరమొస్తే బస్సుల్లేవు. ఎత్తుకొని దవాఖానకు నడిచిపోయిన."

తెలంగాణ కోసం ఆ సమ్మె 2011లో జరిగింది. హారికకు ఇంకా పద్నాలుగు నిండలేదు.

"దీంట్ల పద్దెనిమిది దాటినట్టు రాసున్నది. ఎవలు చేసిచ్చిండ్రు?"

కళావతి ఫోన్ వైపు చెయ్యి చాపింది. "నాకు ఇంగ్లీషు రాదక్క. మా ఆయన తెచ్చిండు. ఎవలిచ్చిండ్రో నేనడుగలే." గొంతు తగ్గించింది. "నువ్వు నన్ను సాక్ష్యం అడుగకు. నేను చెప్పిన్నని తెలిస్తె ఆయన నన్ను ఇంట్ల ఉండనియ్యడు."

ఫోన్ లాక్కుని వంటగదిలోకి వెళ్లిపోయింది. ప్రింట్ సంగతి మళ్లీ అడగలేదు.

గవ్వ యానిమేషన్ స్టూడియో హనుమకొండలో ఒక చీరల దుకాణం పై అంతస్తులో ఉంది. వాళ్లు రెండేళ్లుగా తీస్తున్న పిల్లల సినిమా 'నీలిగవ్వ'. కోటలోని చిన్న రాకుమారి నీల, ఆమెను కాపాడే దండనాయకుడు, చివర్లో ఇద్దరికీ పెళ్లి. ఆ సినిమాలో నేపథ్యాలన్నీ రమ వేసింది. కోట, వాన, వెన్నెల ఆమెవి. మనుషుల బొమ్మలన్నీ సారంగపాణి సారువి.

సారంగపాణికి అరవై దగ్గర పడ్డాయి. వరంగల్ గోడల మీద అక్షరాలు రాసి, హాళ్ల ముందు నిలబెట్టే సినిమా బోర్డులకు రంగులు వేసి, ఫ్లెక్సీలొచ్చాక పనిలేక కూర్చుంటే డైరెక్టర్ మహిపాల్ వెతికి తెచ్చుకున్నాడు. రమకు బ్రష్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. కంప్యూటర్ ముందు కూర్చోడు. కాగితం మీద గీసి స్కానింగ్‌కు ఇస్తాడు.

బొమ్మల సినిమాలో వయసును ఏళ్లలో కొలవరు, తలల్లో కొలుస్తారు. పాత్ర ఎత్తులో దాని తల ఎన్నిసార్లు పడుతుందో అదే కొలత. పసిపిల్ల నాలుగు తలలు, పెద్దమనిషి ఏడు, వీరుడు ఎనిమిది. దండనాయకుడు ఎనిమిది తలలు. నీల ఐదున్నర. పెద్ద కళ్లు, చిన్న గడ్డం, చువ్వల్లాంటి చేతులు. పాత్రల కొలతల చార్టులో నీల వయసు పదమూడు, దండనాయకుడి వయసు ముప్పై అని ఉండేది. రాజుల కాలం కథ కదా అన్నాడు మహిపాల్. ఎవరూ కాదనలేదు. ఇలాంటి సినిమాలన్నిట్లో హీరో వయసు దవడలో కనిపిస్తుంది, హీరోయిన్ వయసు కళ్ల వెనక దాక్కుంటుంది. అందరికీ అలవాటైన సంగతే.

నడకలు సహజంగా రావాలని ముందు మనుషులతో నటింపజేసి వీడియో తీశారు. నీలగా హారిక, దండనాయకుడిగా హరీష్. హరీష్ సారంగపాణికి మేనల్లుడు. నర్సంపేటలో పురుగుమందుల దుకాణం. ముప్పై ఒకటి.

కిందటి ఏడాది చివర్లో ఛానల్ నుంచి ఉత్తరం వచ్చింది. నాయిక వయసు పదమూడు, నాయకుడి వయసు ముప్పై అయితే తమ నిబంధనలకు కుదరదన్నారు. నీలను ఏడు తలలకు పెంచి గీయాలంటే సినిమా సగం మళ్లీ మొదలుపెట్టాలి. మహిపాల్ బుర్ర గోక్కుని, చార్టులో పదమూడు తీసి పద్దెనిమిది, ముప్పై తీసి ఇరవైనాలుగు రాయమన్నాడు.

"అంకెనే కదా సారూ. బొమ్మ జోలికి పోవద్దు."

సారంగపాణి అంకె మార్చాడు. మహిపాల్ ఫోన్‌లో ఉంటే అతని సంతకం కూడా తనే పెట్టేశాడు. మహిపాల్ చూసి పగలబడి నవ్వాడు.

"నా సంతకం నాకంటె సారే మంచిగ పెడ్తడు. బ్యాంకోడు సుత పట్టడు!"

కింద 'సరిచూసినవారు' అన్న చోట రమ సంతకం చేసింది. తన సొంత సంతకం. ఛానల్ నుంచి వారంలో ఆమోదం వచ్చింది.

అదంతా రమకు గుర్తొచ్చింది. లేచి ఇనుప బీరువా దగ్గరికి వెళ్లింది. వీడియోలో నటించినవాళ్ల దగ్గర సమ్మతి పత్రాలు తీసుకున్నారు. హారిక పత్రం మీద తండ్రి రాజమల్లు సంతకం, ఆధార్ నకలు ఉండాలి. ఆ నకలు ఒక్కటి చాలు.

ఫైల్ తీసింది. హారిక పత్రం ఉంది. వయసు పదిహేడు అని ఉంది. ఆధార్ నకలు లేదు. పక్క పత్రాలకు పంచ్ చిల్లులు చిరిగి, అంచులు నలిగి ఉన్నాయి. దీని చిల్లులు గుండ్రంగా, కొత్తగా ఉన్నాయి. బీరువా తాళంచెవి మేకుకు వేలాడుతూ ఉంటుంది. స్టూడియోలో ఎవరైనా తీయొచ్చు.

రమ నేరుగా మహిపాల్ గదిలోకి వెళ్లి తలుపు మూసింది.

"అన్నా, హారిక ఫారం ఎందుకు మార్చినవ్?"

"ఏ ఫారం?"

చెప్పింది. మహిపాల్ వింటూ వింటూ చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"రమా, నేను బొమ్మకు అంకె మార్చుమన్న. బొమ్మకు పెండ్లయితే ఎవల కొంప మునగది. మనిషి కాగితం నేనెందుకు ముడుతా? నాకిద్దరు ఆడివిల్లలు."

"మరి ఎవలు?"

"నాకేం తెలుసు? వంశీ గాడా? కంప్యూటర్ల గసుంటి పనులు వాడే చేస్తడు." ఒక నిమిషం కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇగో, పెండ్లి ఆపుతవా, ఆపుకో. నేనొద్దంటలేను. కని స్టూడియో పేరు బయటికి రావద్దు. జూన్ల టెలికాస్ట్. ఛానలోల్లు వెనుకకు పోయిండ్రంటే మనం పన్నెండు మందిమి రోడ్డు మీదనే."

"పిల్ల ఏమైపోవాలె అన్నా?"

మహిపాల్ ఇయర్‌ఫోన్ మళ్లీ చెవిలో పెట్టుకున్నాడు.

బాల్యవివాహాల ఫిర్యాదుకు ఉన్న నంబరు 1098. రమ మెట్ల మీద నిలబడి చేసింది. పావుగంటలో జిల్లా అధికారి వినోద తిరిగి ఫోన్ చేసింది. ఆమెకు ఈ పెళ్లి సంగతి ముందే తెలుసు. అంగన్‌వాడీ టీచర్ చెబితే నిన్ననే కాశిబుగ్గలో హారిక ఇంటికి వెళ్లి వచ్చింది.

"తండ్రి ఈ బోనఫైడే చూపెట్టిండమ్మా. ఆధార్ల ఏడు తప్పు పడ్డదని, కరెక్షన్‌కు పెట్టినమని రశీదు సుత చూపెట్టిండు. బడికి ఎండాకాలం సెలవులు. రిజిస్టర్ బీరువాల ఉన్నది, హెడ్‌మాస్టర్ యాత్రకు పోయిండు, ఫోన్ కలుస్తలేదు. పిల్లను అడిగితె తల దించుకొని పద్దెనిమిది అన్నది."

"అది దొంగ కాగితం మేడం. మరక రెండుసార్లు పడ్డది."

"నువ్వు చెప్తే నాకు అర్థమైతాంది. మరక చూపెట్టి పోలీసులను తోల్కపోలేను కద. ఆ కాగితం రాసినోడన్న చెప్పాలె, అసలు కాగితమన్న దొరకాలె. ఏదన్న ఒకటి తే, నిమిషం ఆగ. పొద్దుగాలనే గుడి కాడ ఉంట."

రమకు వీడియో గుర్తొచ్చింది. హార్డ్ డిస్క్ తీసి వెతికింది. తెర మీద పన్నెండేళ్ల హారిక, స్కూలు యూనిఫాం మీద ఎవరిదో ఓణీ చుట్టుకుని, చేతిలో పలక పట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. కెమెరా వెనక మహిపాల్ గొంతు, "పేరు, వయసు చెప్పు." హారిక గొంతు సవరించుకుంది. "నా పేరు నీల. నా వయసు పదమూడు." పలక మీద కూడా అదే ఉంది.

వినోదకు పంపితే రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. ఇది పాత్ర వయసు కదమ్మా, పిల్లది కాదు కదా.

అవును. ఆ రోజు పిల్ల వయసు ఎవరూ అడగలేదు.

రెండున్నరకు రమ స్కూటీ మీద కాశిబుగ్గ చేరింది. గల్లీలో నీడ లేదు. రాజమల్లు ఇల్లు రెండు గదులు, ముందు గదిలో జంపఖానాలు నేసే మగ్గం. మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. నూలు లేదు. గోడవారగా రెండు సంచులు సర్ది ఉన్నాయి.

రాజమల్లు సన్నటి మనిషి. కుర్చీ తుడిచి వేశాడు. "రండ్రి మేడం. మీ సిన్మా పుణ్యమే గిది. మీరు ఫోన్ల పంపిన టీజర్ గల్లీ మొత్తం చూసింది. జోడీ ఎంత మంచిగున్నదని హరీష్ వాళ్లమ్మనే మాట కలిపింది."

"అన్నా, హారికకు ఇంకా పద్నాలుగు నిండలే."

"కాగితం సూడలేదా?"

"చూసిన. అందుకే వచ్చిన."

రాజమల్లు ముఖంలో మర్యాద పోయింది. "జూన్ల నేను, కళావతి మరమగ్గాల పనికి బొంబాయి దిక్కు భివండి పోతానం. మగ్గం ఆగి ఏడాదైతాంది. ఆడ ఒక్క రూముల తొమ్మిదిమంది పండుకోవాలె. ఆడపిల్లను ఏడికి తోల్కపోవాలె? ఈడ ఎవల మీద ఇడిచిపోవాలె? మీ ఇంట్ల పెట్టుకుంటవా?"

రమ చూపు గోడవారన ఉన్న సంచుల మీదికి పోయింది.

"సూసినవా. నోరు రాదు." అతను నవ్వాడు, కోపం లేకుండానే. "మీ సిన్మాల గా పిల్లకు పదమూడేండ్లని మొదలు మీరే రాసిండ్రు. ముప్పై ఏండ్లోని పక్కన నిలవెట్టిండ్రు. తర్వాత పద్దెనిమిది అని మల్ల మీరే మార్చిండ్రు. బొమ్మ గదే, మొగం గదే. ఎవడన్న మిమ్ముల అడిగిండా? మీరు బొమ్మలల్ల చేస్తె చప్పట్లు, నేను నా బిడ్డకు చేస్తె కేసా?"

లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరులో దాచిన కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "సూస్కో. ఫోటోల కాదు, అసలుదే సూస్కో."

రమ దాన్ని వెలుతురులోకి పట్టుకుంది. హెడ్‌మాస్టర్ చేతిరాత, నీలం ఇంకు. అంకెలు ముందుకు వాలిన తీరు, గీత కింద గీత పెట్టిన తీరు, సంతకం చివర చిన్న మెలిక. ఎవరు చూసినా ఆయనదే అంటారు. కాగితం తిప్పి వెనక వైపు వేలితో తడిమింది. ఉబ్బు తగిలింది. అక్షరం అక్షరానికీ పెన్ను నొక్కిన గుర్తు ఉంది.

కంప్యూటర్‌లో చేసింది కాగితం వరకే. పాత రాత కప్పేసి, ఖాళీ ఫారం తీసి, దాని మీద ఒక మనిషి కూర్చుని పెన్నుతో రాశాడు. ఇంకొకరి చేతిరాతను ఇంత నిదానంగా, ఇంత శుభ్రంగా దింపగల చెయ్యి వరంగల్ మొత్తంలో రమకు ఒక్కటే తెలుసు. ఆ చెయ్యే తన చెయ్యి పట్టుకుని బ్రష్ తిప్పడం నేర్పింది.

వెనక గది గుమ్మంలో హారిక నిలబడి ఉంది. పాదాలకు పసుపు. ఒక చెవికే కమ్మ పెట్టుకుంది, రెండోది చేతిలో ఉంది.

"అక్కా, గోడ మీదికెళ్లి నేను దుంకుడు సిన్మాల ఉంచిండ్రా, తీసేసిండ్రా?"

"ఉంచినం."

"నర్సంపేటల గా ఛానల్ వస్తదా?"

"వస్తది. హారికా, నీకీ పెండ్లి ఇష్టమేనా?"

హారిక తండ్రి వైపు చూసింది. కమ్మను అటూ ఇటూ తిప్పింది. "సిన్మాల సుత నన్నెవలడిగిండ్రక్కా? మీరు నడువుమన్నట్టు నడిచిన."

రాజమల్లు కాగితం లాక్కున్నాడు. "ఇగ పో మేడం. లగ్గమింట్ల పంచాదొద్దు."

నాలుగున్నరకు రమ స్టూడియోకు తిరిగొచ్చింది. అన్నం గిన్నెలు అలాగే ఉన్నాయి. కళావతి మధ్యాహ్నమే వెళ్లిపోయిందట. సారంగపాణి కిటికీ పక్కన తన ఏటవాలు బల్ల ముందు కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటున్నాడు.

"ఏమైంది బిడ్డా, ఎండల ఏడికి పోయినవ్? మొగం ఎర్రగైంది. నీళ్లు తాగు."

రమ వినోద నంబరు కలిపింది. ఫోన్‌ను బల్ల మీద, ఆయన ముందే పెట్టింది. "సారూ, ఫోన్ల వినోద మేడం ఉన్నది. పిల్లల పెండ్లిళ్లు ఆపే ఆఫీసరు. వింటాంది."

ఆయన చేతిలో పెన్సిల్ ఆగింది. ఫోన్ వైపు చూశాడు, రమ వైపు చూశాడు. "నాతోని ఏం పని ఆమెకు?"

రమ తెల్లకాగితం తీసి ఆయన ముందు పరిచింది. "ఒక్క బొమ్మ గీయున్రి. హారికను. పద్దెనిమిదేండ్ల హారికను."

"ఏంది బిడ్డా ఇది, పరీక్షా?" నవ్వాడు. "నీ గురువుకే?"

"గీయున్రి సారూ."

కోపంగానే మొదలుపెట్టాడు. నిలువుగీత గీసి, ఏడు భాగాలు చేశాడు. తల గుండ్రంగా దించాడు. మెడ, భుజాలు వచ్చాయి. మోచేయి దగ్గర చెయ్యి నెమ్మదించింది. మణికట్టు గీశాడు. చెరిపాడు. మళ్లీ గీశాడు, అంతే సన్నగా వచ్చింది. ముఖానికి వెళ్లాడు, బుగ్గ తగ్గించబోయాడు, తగ్గించలేకపోయాడు. రబ్బరు రాసిన చోట కాగితం నలిగింది. ఏడు భాగాల నిలువుగీత మీద ఆ పిల్ల ఐదున్నర దగ్గరే ఆగిపోయింది. పైన గీత ఖాళీగా మిగిలింది.

ఆయన పెన్సిల్ కింద పెట్టలేదు. అది వేళ్లలోంచి జారి, బల్ల ఏటవాలు వెంట దొర్లి నేల మీద పడింది. ఫోన్‌లోంచి వినోద గొంతు, "హలో? ఉన్నరా?" అంది.

సారంగపాణి ఫోన్‌ను తన దగ్గరికి జరుపుకున్నాడు.

"ఉన్న మేడం. రాసుకోండ్రి. నా పేరు సారంగపాణి. గా కాగితం రాసింది నేనే. నాతోని ఇంకెవలు లేరు. పాత రాత కప్పుడు ఎట్లనో వంశీని అడిగి నేర్చుకున్న, రాజుగారి ఉత్తరం కోసమని చెప్పిన. వానికేం తెల్వది, వాన్ని పిలువకుండ్రి. ఫైల్ల ఫారం మార్చింది సుత నేనే. రాజమల్లు సంతకం సుత నాదే.

హరీష్ మా అక్క కొడుకు. ఎనిమిది సంబంధాలు చూసినం. నర్సంపేటల దుకానమంటె ఒకరు వద్దంటరు, జుట్టు పల్చవడ్డదని ఒకరు వద్దంటరు. టీజర్ చూసి మా అక్కనే అన్నది, తమ్మీ గీ పిల్ల ఎవల పిల్ల, పక్కపక్కన ఎంత ముద్దుగున్నరు అని. బొమ్మ అక్కా, నడిచింది మా కళావతి బిడ్డ అన్న. కని నాకు సుత గట్లనే అనిపిచ్చింది. అనిపియ్యదా మరి? జోడీ చేసింది నేనైతిని. ఏడాదిన్నర ఆ ఇద్దరినే గీసిన.

ఛానలోల్ల చిట్టి వచ్చిన్నాడు పదమూడు కొట్టేసి పద్దెనిమిది రాసిన. ఒక్క గీత మార్చలే. మహిపాల్ అడుగలే. ఛానలోల్లు అడుగలే. రమా, నువ్వు సుత అడుగలే. వాళ్ల ఎనుక ఎన్నెల నువ్వే పోసినవ్ బిడ్డా. నీ మీద నెడ్తలేను. నాకు ధైర్యం ఏడికెళ్లి వచ్చిందో చెప్తాన. అంకె మారిస్తె అందరు ఒప్పుకుంటరని ఆ దినమే తెలిసింది.

రాజమల్లును అనకుండ్రి మేడం. మొదలు వద్దన్నడు. రెండు మూడేండ్లు ఆగుదాం సారూ అన్నడు. నేనే పోయిన. మూడుసార్లు పోయిన. భివండి పోతె పిల్ల ఏమైతదో అని భయం పెట్టింది నేను. బోనఫైడ్ తే, నేను చూసుకుంట అన్నది నేను. అసలు కాగితం నా కింది సొరుగుల ఉన్నది, రంగుల డబ్బా అడుగున. ఆధార్ నకలు సుత ఆడనే. చింపుదామని తీసిన, చేతులు రాలే. ఆగస్టు తొమ్మిది, రెండువేల పదకొండు. రాసుకున్నరా?

తెల్వక చేసిన అంటే అబద్ధమైతది. నలభై ఏండ్లు మనుషులను గీసినోన్ని. చెయ్యి చూస్తె వయసు చెప్తా. నిన్న నలుగుకు పిలిస్తె పోయిన. కాళ్లకు పసుపు రాస్తాంటే చక్కిలిగింతలై కిందికీ మీదికీ అయింది పిల్ల. ముసలోళ్లంత నవ్విండ్రు. నేను సుత నవ్విన. నవ్వి, అక్షింతలు చల్లి, బువ్వ తిని వచ్చిన. గిదంత తెలిసే చేసిన.

ఇంగొకటి వినుండ్రి, ఇది ముఖ్యం. పొద్దుగాల గుడి కాడికి పోకుండ్రి. ఆడ ఎవలుండరు. నిన్న మీరు వచ్చిపోయినంక లగ్గం జాగ మార్చినం. గుడి అని కళావతికి సుత అబద్ధమే చెప్పినం. పాలంపేట దాటినంక మా బావ పొలంల ఇల్లున్నది, ఆడ పెట్టినం. ఇయ్యాల రాత్రి ఏడింటికి జీపొస్తది పిల్లను తోల్కపోను. ఇప్పుడు ఐదు అయితాంది. మీరు సక్కగ కాశిబుగ్గకు బయలెల్లుండ్రి. నేను సుత పోతాన. దర్వాజకు అడ్డం కూసుంట. నేను మాట్లాడిన జీపే గనుక, నన్ను దాటి పోరు."